మూడు బండ్ల తర్వాత జిమ్నీ: రేగడిలో, చిత్రావతి ఇసుకలో 48,000 కిలోమీటర్లు

అనంతపురంలో ఇల్లు, యల్లనూరు మండలంలో చీనీ (బత్తాయి) తోట. వారానికి మూడుసార్లయినా తోటకు పోవాల్సిందే. ఊరి వరకు తారురోడ్డు, ఏ కారైనా పోతుంది. ఊరు దాటినాక తోట దాకా ఉన్న నాలుగు కిలోమీటర్లతోనే పని. ముందు ఎర్రనేల, గుండ్రాళ్ళు. మధ్యలో రెండు వంకలు. ఆ తర్వాత నల్లరేగడి. అవతలి గట్టున ఇంకొక ముక్క ఉంది, దానికి పోవాలంటే చిత్రావతి ఏటి ఇసుక కూడా దాటాలి.

ఈ దారిలో ముప్పై ఏళ్ళుగా నాలుగు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ పవర్ పోయే) బండ్లు తిప్పినాం. ఇప్పుడున్నది మారుతి జిమ్నీ, ఐదు డోర్లది, మాన్యువల్ గేర్లు. 2023 జూన్‌లో అది మార్కెట్లోకి వచ్చింది, ఆగస్టులో నేను తీసుకున్నాను. మొన్ననే 48,000 దాటింది. మా నేల మీద బండి బలం కంటే బండి బరువే ఎక్కువ లెక్కకొస్తుందని నా నమ్మకం. అది కుదరడానికి మూడు బండ్లు పట్టింది కాబట్టి ముందు వాటి సంగతి చెప్పాలి.

మొదటిది నాయన 1994లో పాతది కొన్న మహీంద్రా ఎంఎం 540 జీపు. ప్యూజో డీజిల్ ఇంజన్, 2,112 సీసీ, 62 హార్స్ పవర్. గేర్లు నాలుగు. పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ మాటే లేదు. అప్పట్లో మాది శనక్కాయ సేద్యం. వెనక మూటలు వేసుకుని, మూటల మీద ఇద్దరు కూర్చుని, వంకలోకి దిగి అవతల ఎక్కేవాళ్ళం. నేను స్టీరింగ్ పట్టింది దాని మీదే. గట్టు ఎక్కేటప్పుడు నాయన పక్కన కూర్చుని ఒకటే మాట అనేవాడు: "లో గేరు ఎయ్యి, కాలు తీసెయ్యి. అదే ఎక్కుతాది." నిజంగానే కాలు తీసేస్తే ఇంజన్ గుడగుడమంటూ, మనిషి నడిచినంత మెల్లగా, ఒక్క రాయి కూడా ఎగరకుండా గట్టెక్కేది. ఈ రోజుకీ ఏ బండి ఎక్కినా నేను మొదట చూసేది అదే. లో గేరులో కాలు తీస్తే ఎంత నిబ్బరంగా పోతుంది, దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండా ఎంత పట్టి నిలుపుతుంది. పన్నెండేళ్ళు వాడినాం. ఆ స్టీరింగ్ తిప్పి తిప్పి నాయనకు భుజాల నొప్పులు మొదలైనాక అమ్మేసినాం.

2006లో జిప్సీ. అదీ పాతదే. 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్, 80 హార్స్ పవర్, ఐదు గేర్లు, బండి మొత్తం బరువు టన్నుకు అటూ ఇటూ. దానిలో ముందు చక్రాలకు పవర్ పోవాలంటే కిందికి దిగి, చక్రం మధ్యలో ఉన్న హబ్బును చేత్తో తిప్పి లాక్ చెయ్యాలి. తెలివైన వాడు బురద మొదలయ్యే ముందే దిగి తిప్పుకుంటాడు. నేను మొదటి వానకు మరిచిపోయి బురద మధ్యలో దిగినాను. మోకాలి వరకు రేగడి, చేతిలో టార్చి, హబ్బు నిండా అంటుకున్న మట్టిని వేలితో గీకి తీసి తిప్పాల్సి వచ్చింది. ఇంకెప్పుడూ మరిచిపోలేదు. కానీ ఆ హబ్బు తిప్పి ఫోర్ వీల్ వేసినాక ఆ బండి రేగడి మీద తేలినట్టు పోయింది. నా వెనకాల వచ్చిన లోడు ట్రాక్టర్ అదే చోట దిగబడింది. అప్పుడు నేను జిప్సీ మొనగాడు అనుకున్నాను గానీ, ఎందుకో ఆలోచించలేదు.

జిప్సీని వదలడానికి కారణం నాలుగు వైపులా ఉన్న కమాన్ కట్టలు (ఇనుప పట్టీల స్ప్రింగులు). ఖాళీగా పోతే గుండ్రాళ్ళ మీద నడుం విరిగినంత పనయ్యేది. అమ్మ ఒకసారి ఎక్కి, రెండోసారి నడిచే వస్తానన్నది.

2012లో కొత్త థార్ తీసుకున్నాను. మహీంద్రా వాళ్ళు 2010లో తెచ్చిన తొలి థార్‌లో సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్) ఇంజన్ ఉన్నది. 2,498 సీసీ, 105 హార్స్ పవర్, 247 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రం తిప్పే బలం). ఇంజన్ అంటే అట్లుండాలి. ముచ్చుకోట కొండల వైపు రాళ్ళ దారుల్లో రెండో గేరులో లాగేది. డ్రిప్పు పైపుల చుట్టలు ఎన్ని ఎక్కించినా తెలిసేది కాదు. దాన్ని పదకొండేళ్ళు ప్రేమగా వాడుకున్నాను. ఇప్పటికీ గట్టి నేల మీద, రాళ్ళల్లో, బరువు లాగడంలో దానికి సాటి నా దగ్గర ఇంకొకటి లేదు.

ఒక అక్టోబర్ సాయంత్రం మాత్రం మరిచిపోలేను. పొద్దున గట్టి వాన పడింది. మా రేగడి ఎండాకాలంలో నెర్రెలిచ్చి చెయ్యి పట్టేంత సందులతో ఉంటుంది. నీళ్ళు తాగితే అదే నేల ఉబ్బి, కలిపిన పిండిలా సాగుతుంది. టైరు రెండు చుట్లు తిరిగేసరికి గళ్ళన్నీ పూడుకుపోయి నున్నటి నల్లముద్ద అవుతుంది. ఇక దాని మీద ఏ కంపెనీ పేరున్నా ఒకటే. బండిలో నలుగురం, వెనక ఎరువు మూటలు. ట్రాక్టర్ గాడుల మధ్య పోతుంటే ఎదురుగా గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఆగితే దిగబడుతుందని తెలుసు, కానీ మూగజీవాల మీదికి పోలేం కదా, ఆగినాను. మంద దాటిపోయింది. బయల్దేరబోతే చక్రాలు జారినాయి. అప్పుడు చేసిన తప్పు నాదే. ఇంత టార్క్ ఉంది కదా అని ఎక్సలేటర్ తొక్కినాను. నాలుగు చక్రాలూ నాలుగు గుంతలు తవ్వుకుని కూర్చున్నాయి. కిందికి వంగి చూస్తే వెనక చాంబర్ (ఇరుసు మధ్యలోని గేర్ల గుండు) నేలకు ఆనుకుని ఉంది. చక్రాలు గాలిలో తిరిగినట్టే తిరుగుతున్నాయి.

రెండు ట్రాక్టర్లు వచ్చి లాగినాయి. గొలుసు కడుతూ పక్క తోట మామ అన్న మాట ఇది: "బలం ఉండేకొద్దీ గుంత తవ్వుతాది అల్లుడూ. రేగడిలో బరువు దింపుకోవల్ల, తొక్కగూడదు." ఆ రాత్రి ఇంటికొచ్చినాక గుర్తొచ్చింది, జిప్సీ తేలినట్టు పోయింది కూడా దాదాపు అక్కడే. థార్ టన్నున్నరకు పైన, దాని మీద మేం, మూటలు. లెక్క అంతే.

తర్వాత అమ్మకు మోకాళ్ళ ఆపరేషన్ అయ్యింది. ఆ పాత థార్‌లో వెనక సీట్లు ఎదురెదురు బెంచీలు, వెనక నుంచి ఎక్కాలి. అమ్మ తోటకు రావడం మానేసింది. నాకు బండి మార్చాలనిపించింది అప్పుడే.

2023లో రెండు బండ్లు అడిగి తీసుకుని మా దారిలో నడిపి చూసినాను. మా బావ దగ్గర 2020లో వచ్చిన కొత్త థార్, డీజిల్. 130 హార్స్ పవర్, 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, 650 మిల్లీమీటర్ల నీళ్ళలో దిగొచ్చని కంపెనీ లెక్క. హాయిగా ఉంది, ఎక్కడా వంక పెట్టలేను. కానీ అది మూడు డోర్లది. ముందు సీటు మడిచి వెనక్కి దూరాలి. వెడల్పు కూడా 1,820 మిల్లీమీటర్లు. మా బండి దారికి రెండు పక్కలా సర్కారు కంప, పోయి వచ్చేసరికి రెండు డోర్ల మీద గీతలే. స్నేహితుడి దగ్గర ఫోర్స్ గూర్ఖా. దానికి ముందు, వెనక రెండు ఇరుసులకూ డిఫరెన్షియల్ లాకులు కంపెనీ నుంచే వస్తాయి. ఒక చక్రం గాలిలో లేచినా రెండోది లాగుతుంది. రోజూ కొండల్లో, రాళ్ళల్లో తిరిగేవాళ్ళు నన్ను అడిగితే గూర్ఖానే చెప్తాను. నా పని వేరు. ఐదు డోర్ల థార్ రాక్స్ 2024 ఆగస్టులో గానీ రాలేదు, అప్పటికి నా నిర్ణయం అయిపోయింది.

జిమ్నీలో 1,462 సీసీ పెట్రోల్ ఇంజన్, 105 హార్స్ పవర్, 134 న్యూటన్ మీటర్లు. టార్క్ చూస్తే నా పాత థార్‌లో సగం పైచిలుకు. షోరూంకు వెంట వచ్చిన వాళ్ళందరూ ఆ అంకె చూసి వద్దన్నారు. నేను చూసింది పక్కన ఉన్న ఇంకో అంకె, బరువు దాదాపు 1,200 కిలోలు. కింద లాడర్ ఛాసిస్ (నిచ్చెన లాంటి ఇనుప చట్రం), ముందు, వెనక ఒకే కడ్డీగా ఉండే ఇరుసులు, కమాన్ కట్టలకు బదులు కాయిల్ స్ప్రింగులు. అంటే జిప్సీ ఎముకలే, నడుం నొప్పి లేకుండా. వెడల్పు 1,645 మిల్లీమీటర్లు, కంప మధ్యలో ఇది చేసే మేలు ఇంతా అంతా కాదు.

మొదటి వానాకాలంలోనే అదే రేగడికి పోయినాను. పొద్దున వాన, మధ్యాహ్నం నేను. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించినాను, రెండో గేరు, ఫోర్ వీల్ హై, ఎక్సలేటర్ ఒకే తీరుగా. పక్కకు జారింది, తోక ఊపింది, ఎక్కడా ఆగలేదు. వచ్చేటప్పుడు కావాలనే మధ్యలో ఆపి మళ్ళీ బయల్దేరినాను. ఒక క్షణం చక్రాలు జారి, పట్టుకుని కదిలింది. గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లే కాబట్టి లోతైన ట్రాక్టర్ గాడిలో చాంబర్ ఆనుకుంటుంది. అందుకే ఒక చక్రం గాడి మధ్య దిబ్బ మీద, ఒకటి గాడి బయట ఉండేట్టు నడుపుతాను.

ఇసుక ఇంకో రకం. పైన పార్నపల్లి దగ్గర చిత్రావతి రిజర్వాయర్ ఉంది. నీళ్ళు వదలకపోతే మా దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు ఏరు ఎండి ఉంటుంది. 2021 నవంబర్ వరద తర్వాత ఇసుక మేటలన్నీ చోటు మారినాయి, పాత దారి పనికి రాలేదు. అందుకే ఎప్పుడైనా ముందు నడిచి, కర్ర గుచ్చి చూసినాకే బండి దింపుతాను. పోయిన సంక్రాంతికి అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అవతలికి పోయినాను. సగం దాటినాక మెత్తటి చోట ఎడమ ముందు చక్రం ఊరికే తిరగడం మొదలెట్టింది. ఇక్కడే జిమ్నీ నడపడం నేర్చుకోవాలి. ఊరికే తిరిగే చక్రానికి బండే బ్రేకు వేసి, పట్టు ఉన్న రెండో చక్రానికి పవర్ పంపుతుంది. కానీ మనం భయపడి కాలు తీస్తే ఆ పని జరగదు. కాలు అట్లే ఉంచినాను. కింద గరగరమని చప్పుడు, మూడు నాలుగు సెకన్లు ఎక్కడిదక్కడే ఉన్నట్టుంది, తర్వాత మెల్లగా పాకింది. అమ్మ పైన పిడి పట్టుకుని ఏం మాట్లాడలేదు. గట్టెక్కినాక, "మీ నాయన జీపు మాదిరే పోయింది," అన్నది. నాలుగేళ్ళ తర్వాత ఆ ముక్కలో చెట్లను చూసింది.

ఇక లోటు. హైవేలో బెంగళూరుకు పోతే లారీని దాటడానికి గేరు దించి ఆలోచించి దాటాలి. 90 మీద హాయి, 110 మీద ఇంజన్ గోల. ఆటోమేటిక్‌కు గేర్లు నాలుగే, నేను అందుకే మాన్యువల్ తీసుకున్నాను. సీట్లు కూడా నాలుగే. డిక్కీ 208 లీటర్లు, చీనీ క్రేట్లు రెండు పెడితే నిండిపోతుంది. ట్యాంకు 40 లీటర్లు. మైలేజీ నాకు హైవేలో 15, తోట దారిలో లో గేరు వాడితే 9కి పడిపోతుంది. డీజిల్ అలవాటైన వాళ్ళకు ఈ ఖర్చు బరువే. ఏసీ మా మే నెల ఎండకు సరిపోతుంది, ఐదు నిమిషాలు టైమివ్వాలి.

ఒక జాగ్రత్త. ఫోర్ వీల్ లివర్ వేసుకుని తారురోడ్డు మీద తిరిగేవాళ్ళను చూస్తున్నాను. ఇందులో ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే జారి సర్దుకుంటాయి, తారు మీద సర్దుకోలేక లోపలి గేర్లు బిగుసుకుంటాయి. రోడ్డు ఎక్కగానే టూ వీల్‌లోకి తెచ్చుకోండి. గాలి కూడా అంతే, ఇసుక దాటినాక మళ్ళీ నింపుకోవాలి. నేను చిన్న కంప్రెసర్ బండిలోనే పెట్టుకుంటాను. ఒకసారి బయట టైర్ల షాపులో నింపిస్తే అడక్కుండా 35 పెట్టినాడు. ఇంటికొచ్చేదాకా బండి చెక్కబండిలా ఎగిరింది, గేజి పెట్టి చూస్తే గానీ తెలియలేదు.

కంప ముళ్ళకు ఇప్పటికి ఆరు పంక్చర్లు. వెనక రెండు టైర్ల గళ్ళు బాగా అరిగినాయి. ఈసారి రేగడిలో జారడం ఎక్కువైంది అందుకే. పెద్ద సైజు వెయ్యమని అందరూ చెప్తున్నారు. పెద్ద టైరు అంటే మళ్ళీ బరువు. అదే 195/80 ఆర్15లో, గళ్ళు లోతున్న ఆల్ టెర్రైన్ టైర్లు వెయ్యాలనుకుంటున్నాను, జూన్ వానల లోపలే.