మియాటా వద్దనుకుని ఎంఆర్2 స్పైడర్ వైపు చూస్తే

టాపు దించుకుని తిరిగే పాత రెండు సీట్ల కారు కావాలని అమెరికాలో ఎవరిని అడిగినా ముందు మాజ్డా మియాటా పేరే చెప్తారు. చేతిలో ఇంకాస్త డబ్బుంటే హోండా ఎస్2000, బ్యాడ్జీ మీద మోజుంటే పోర్షే బాక్స్‌టర్. మూడూ మంచి కార్లే. ఈ వరసలో టయోటా ఎంఆర్2 స్పైడర్ ఊసు మాత్రం రాదు. ఇక్కడ దాన్ని 2000 నుంచి 2005 మోడల్ దాకానే అమ్మారు, అదీ కొద్దిగానే. రోడ్డు మీద కనిపించని కారు ఎవరికి గుర్తొస్తుంది? ఇంజిన్ సీట్ల వెనక, వెనక ఇరుసుకు ముందు ఉన్న కారు కావాలంటే మాత్రం బాక్స్‌టర్ కాక మిగిలేది దాదాపు ఇదొక్కటే. బాక్స్‌టర్ రిపేరు బిల్లు చూసినవాళ్లు ఆ "దాదాపు" కూడా తీసేస్తారు.

అరుదైన కారంటే సామాన్లు దొరకవన్న భయం సహజం. ఇక్కడ ఆ భయం సగమే నిజం. వింతగా ఉన్నది కారు అమరిక, ఇంజిన్ కాదు. లోపలున్నది 1,794 సీసీల 1జెడ్‌జెడ్ రకం, అంటే ఆ కాలపు కొరోలా, సెలికా జీటీ, మేట్రిక్స్‌లలో ఉన్న ఇంజినే. వాటర్ పంపు, కాయిళ్లు, సెన్సార్లు, ఫిల్టర్లు ఏ ఆటో పార్ట్స్ షాపులో అడిగినా ఉంటాయి. దొరకనివి బాడీ సామాన్లు: బంపర్లు, లైట్లు, టాపు బట్ట, లోపలి ప్లాస్టిక్కులు. అందుకే ఇంజిన్ అరిగి బాడీ బాగున్న స్పైడర్‌ని బాగుచేసుకోవచ్చు. గుద్దుకున్న స్పైడర్‌ని మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయాలి.

అంకెల్లో చూస్తే గొప్పగా ఏమీ ఉండదు. 138 హార్స్‌పవర్, 170 న్యూటన్ మీటర్ల టార్క్, గంటకి 60 మైళ్లు అందుకోవడానికి ఏడు సెకన్ల దరిదాపు. అసలు కిటుకు బరువులో ఉంది. 996 కిలోలు, అంటే అదే కాలపు మియాటా కంటే తేలిక. ముందు చక్రాల మీద ఇంజిన్ బరువు లేకపోవడంతో స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరిగిపోతుంది. మియాటా ముందు కాస్త ఒరిగి, తర్వాత తిరుగుతుంది. ఈ తేడా తెలియడానికి రేస్ ట్రాక్ అక్కర్లేదు, హైవే ఎగ్జిట్ దగ్గర వంపు చాలు.

ఇక ఈ కారు పరువు తీసిన సంగతి. ఈ ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోనే, పొగని శుభ్రం చేసే రెండు చిన్న కెటలిటిక్ కన్వర్టర్లు ఉంటాయి. వాడుకలో వీటిని ప్రీ-క్యాట్‌లంటారు. లోపల సిరామిక్ తేనెపట్టు, సిలిండర్ హెడ్‌కి జానెడు దూరంలో. ఏళ్లు గడిచేకొద్దీ వేడికీ, ఇంజిన్ తాగే ఆయిల్ బూడిదకీ ఆ సిరామిక్ పొడి రాలడం మొదలవుతుంది. వాల్వుల టైమింగ్ మార్చే వీవీటీ-ఐ పద్ధతిలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరుచుకుని ఉంటాయి. ఆ క్షణంలో ఎగ్జాస్ట్ పొగ కొంచెం వెనక్కి లాగబడుతుంది, దాంతోపాటే పొడీ వస్తుంది. సిలిండర్ గోడల మీద ఉప్పు కాగితంతో రుద్దినట్టు పని చేస్తుంది. గోడలు గీరుకుపోతే ఆయిల్ పైకి వస్తుంది, ఆయిల్ కాలితే మిగిలిన సిరామిక్ కూడా పోతుంది. ఒకసారి ఈ చక్రం మొదలైతే మధ్యలో ఆగదు.

దీనికి తోడు తొలి ఏళ్ల ఇంజిన్లలో పిస్టన్‌కి ఆయిల్ వెనక్కి కారే రంధ్రాలు చిన్నవి. మసి పట్టి అవి మూసుకుంటే, గోడల మీది ఆయిల్ గీకి దించే ఆయిల్ రింగ్ బిగుసుకుపోతుంది. కాబట్టి ముందు రింగులు చెడి ఆయిల్ వల్ల ప్రీ-క్యాట్ పోయిందా, ప్రీ-క్యాట్ పోవడం వల్ల ఆయిల్ తాగుతోందా అన్న వాదన ఏళ్లుగా నడుస్తూనే ఉంది. కొనేవాడికి ఆ వాదనతో పనిలేదు, రెండూ చూసుకోవాల్సిందే. 2003 మోడల్ నుంచి ఈ బాధ తక్కువని యజమానుల అనుభవం. తక్కువ అంటే లేదని కాదు.

మంచి సంగతేంటంటే, ఈ లోపం కంటితో చూసి తేల్చుకోగలిగేది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కారు వెనక వైపుకి ఉంటుంది, ఇంజిన్ మూత ఎత్తితే చెయ్యి అందుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మానిఫోల్డ్ మీదున్న రెండు ఆక్సిజన్ సెన్సార్లనీ 22 మిల్లీమీటర్ల సెన్సార్ సాకెట్‌తో విప్పాలి. వైరు దూరడానికి పక్కన చీలిక ఉన్న సాకెట్ కావాలి, మామూలుది పనికిరాదు. ముందు రోజే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచితే మర దెబ్బతినదు. ఆ రంధ్రంలోంచి ఫోన్‌కి తగిలించే చవక బోర్‌స్కోప్ కెమెరా లోపలికి పంపండి. తేనెపట్టు చదునుగా, గళ్లన్నీ నిండుగా ఉంటే బాగున్నట్టు. అంచులు రాలినా, గుంట పడినా, ఒకవైపు ఖాళీగా కనిపించినా చెడినట్టే. రెండు రంధ్రాల్లోనూ చూడాలి, ఒకటి బాగుండి రెండోది పోయిన కార్లు ఉంటాయి. సెన్సార్లు విప్పనివ్వనంటే ఆ అమ్మకందారుతో ఇక మాట్లాడేదేమీ లేదు.

"నాకా బెంగ లేదు, హెడర్ మార్పించేశాను" అనే అమ్మకందారులు చాలామంది. హెడర్ అంటే ఫ్యాక్టరీ మానిఫోల్డ్ బదులు వేసే, ప్రీ-క్యాట్‌లు లేని గొట్టాలు. అప్పుడు అడగాల్సింది ఎప్పుడు మార్చారని, ఎందుకు మార్చారని. ప్రీ-క్యాట్ బాగుండగానే ముందుజాగ్రత్తగా తీస్తే ఇంజిన్ క్షేమం. ఆయిల్ తాగడం మొదలయ్యాక తీసి ఉంటే, దొంగ పోయాక తాళం వేసినట్టే. ఇంకో మాట. రోడ్డు మీద నడిచే కారుకి కెటలిటిక్ కన్వర్టర్ తీసేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. కాలిఫోర్నియాలో అయితే హెడర్ మీద కార్బ్ (ఆ రాష్ట్ర వాయు కాలుష్య బోర్డు) మినహాయింపు నంబరు లేకపోతే స్మాగ్ (పొగ కాలుష్యం) టెస్టులో కంటితో చూసే దశలోనే ఫెయిల్. అక్కడుండేవాళ్లు ఫ్యాక్టరీ మానిఫోల్డ్ ఉన్న కారే వెతుక్కోవడం మేలు. ఇంటర్నెట్‌లో దొరికే "లోపలిది పొడిచి ఖాళీ చేసేయండి" సలహా చవకే, రిజిస్ట్రేషన్ రోజున తెలుస్తుంది దాని ఖరీదు.

సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించి నాలుగు సిలిండర్లూ సమానంగా వచ్చాయని సంబరపడొద్దు. గోడలు గీరుకుపోతే ఆ టెస్టులో దొరుకుతుంది గానీ, ఆయిల్ రింగ్ ఒక్కటే బిగిసిపోతే దొరకదు. కంప్రెషన్‌ని పట్టి ఉంచేవి పై రింగులు, అవి బాగానే ఉంటాయి. ఆయిల్ రింగుని పట్టించేది పొగ. టెస్ట్ డ్రైవ్‌లో పొడుగాటి పల్లం చూసుకుని గేరులోనే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి దిగండి. కింద మళ్లీ గట్టిగా తొక్కినప్పుడు అద్దంలో నీలం పొగ కనిపిస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టే. పాటల సౌండు ఆపి, టాపు దించి నడిపితే వాసనకూడా తెలుస్తుంది.

ఈ ఇంజిన్‌లో ఫిల్టర్‌తో కలిపి పట్టేది 3.7 లీటర్ల 5డబ్ల్యూ-30 ఆయిల్ మాత్రమే. ఒక క్వార్ట్ తగ్గిందంటే నాలుగో వంతు పోయినట్టు. ఆయిల్ లైట్ వెలిగేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. రెండు సార్లు పెట్రోలు కొట్టించినప్పుడల్లా డిప్‌స్టిక్ చూసే అలవాటు లేనివాళ్లకి ఈ కారు పడదు.

ఒకవేళ ఇంజిన్ పోయినా కథ ముగియదు. పాడైన కొరోలాలోంచి తీసిన 1జెడ్‌జెడ్ జంక్ యార్డులో సులభంగా దొరుకుతుంది. బాక్స్‌టర్‌లో ఐఎమ్ఎస్ అనే ఇంజిన్ లోపలి షాఫ్టు బేరింగ్ విరిగితే ఇంజిన్‌కి పెట్టాల్సింది చూశాక ఈ మాట విలువ తెలుస్తుంది. సెలికా జీటీ-ఎస్‌లోని 180 హార్స్‌పవర్ 2జెడ్‌జెడ్ ఇంజిన్ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. సరదా బండి అవుతుంది, కానీ ఎవరో పెట్టించిన స్వాప్ కారు కొనేటప్పుడు వైరింగ్ పని చూడకుండా, రాష్ట్రం నిబంధనలు కనుక్కోకుండా బయానా ఇవ్వొద్దు.

గేర్‌బాక్స్ విషయంలో ఒకటే నియమం: క్లచ్ పెడల్ ఉన్నదే కొనండి. 2002 నుంచి ఎస్ఎమ్‌టీ అని పెడల్ లేని రకం కూడా అమ్మారు. మన దగ్గర సెలెరియోలో వచ్చిన ఏఎమ్‌టీ లాంటిదే, మాన్యువల్ గేర్‌బాక్స్‌కి హైడ్రాలిక్ పంపుతో క్లచ్ తొక్కించే ఏర్పాటు. ఆ పంపు, దాని ఒత్తిడి నిలవ ఉంచే అక్యుమ్యులేటర్ ముసలివయ్యాయి. చెడితే తెలిసిన మెకానిక్ దొరకడమే కష్టం. మాన్యువల్‌లో మాత్రం గేరు కడ్డీ వదులుగా ఊగుతుంటే కంగారు పడక్కర్లేదు, చాలాసార్లు కేబుల్ చివరి ప్లాస్టిక్ బుష్‌లు అరిగి ఉంటాయి. అవి మారిస్తే చాలు. మూడో గేరు వేగంగా వేసినప్పుడు గరగరమంటే అది వేరు, బేరం ఆడాల్సిన సంగతి.

రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక. మధ్యలో కారు అడుగున పొడుగాటి గొట్టాలు. కూలెంట్ మార్చాక వాటిలో గాలి చిక్కుకుంటే హీటర్ చల్లగా ఊదుతుంది, ట్రాఫిక్‌లో వేడి ముల్లు ఉన్నట్టుండి పైకి లేస్తుంది. రోజంతా కొరోలాలు చేసే మెకానిక్‌కి ఇది తట్టదు, థర్మోస్టాట్ మారుస్తాడు, పంపు మారుస్తాడు, చివరికి హెడ్ గ్యాస్కెట్ అంటాడు. ముక్కు వైపు ఎత్తి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, ముందు వైపున్న గాలి తీసే వాల్వు తెరిచి బుడగలు ఆగేదాకా పోయడమే మందు. ఓపికతో చేసే పని.

చలికాలం ఉదయాల్లో చెక్ ఇంజిన్ లైట్, పి0171 కోడ్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని అర్థం) వచ్చి, ఇంజిన్ వేడెక్కితే సర్దుకుంటోందా? ఇంజిన్‌లోకి గాలి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ గట్టిపడి, పక్కనుంచి గాలి లాగుతోందన్నమాట. గ్యాస్కెట్ ఖరీదు తక్కువే, కానీ ఇన్‌టేక్ ఉండేది క్యాబిన్ గోడ వైపు, చెయ్యి దూరడం కష్టం, లేబర్ అక్కడ అవుతుంది. టైమింగ్‌కి బెల్ట్ కాదు, చైన్. అది మియాటా మీద దీనికున్న ఓ చిన్న సుఖం. చైన్ టెన్షనర్ ఓ-రింగ్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తే భయపడొద్దు, రబ్బరు రింగు ఖర్చే.

టైర్లు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ముందు 185/55ఆర్15, వెనక 2002 వరకు 205/50ఆర్15, 2003 నుంచి 215/45ఆర్16. ముందువి వెనక్కి మార్చుకునే వీలు లేదు. ముందు సైజులో మంచి గ్రిప్ ఉన్న టైర్లు దొరకడం తగ్గింది, కొనేముందే చూసుకోండి. వెనక అరిగిన టైర్లతో, తడి వంపులో భయపడి ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం ముందుకొస్తుంది. కాపాడటానికి ఇందులో స్టెబిలిటీ కంట్రోల్ లేదు. అమ్ముతున్న కార్లలో కొన్ని అప్పటికే ఒకసారి గోడని కలిసొచ్చినవని అనుకుని చూడటం మంచిది: ఫెండర్ బోల్టుల మీద పెయింటు చెదిరిందా, నాలుగు మూలల ఖాళీలు సమానంగా ఉన్నాయా, ముందు మూత కింద లోహం ముడతలు పడిందా.

టాపు చేత్తో వేసేది, మోటారు లేదు కాబట్టి చెడదు. వెనక అద్దం గాజుదే. బట్ట మడతపడే మూలల్లో చిరుగు చూడండి. నీళ్లు పోయే రంధ్రాలు ఆకులతో మూసుకుంటే వాన నీళ్లు లోపలికి వస్తాయి. సీట్ల వెనక కార్పెట్ నొక్కి చూస్తే తడి తెలుస్తుంది. న్యూజెర్సీ, మిషిగన్ వైపు ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగిన కారైతే లిఫ్ట్ మీద ఎక్కించి వెనక సస్పెన్షన్ తగిలే చోట్ల తుప్పు చూడకుండా కొనొద్దు. డాలస్, ఫీనిక్స్ కార్లలో తుప్పు ఉండదు, ఎండకి ప్లాస్టిక్కులు, రబ్బర్లు పగిలి ఉంటాయి. వాటిని మార్చుకోవచ్చు.

డిక్కీ లేదు. ఈ ఒక్క మాటకే సగం మంది మియాటాకి వెళ్లిపోతారు, వెళ్లడం సబబే. ముందు మూత కింద స్పేర్ టైరు ఉంటుంది, దాని పక్కన చిన్న సంచి పడుతుంది. సీట్ల వెనక తాళం వేసుకునే అరలున్నాయి, సీటు వంచితేనే తెరుచుకుంటాయి. వారం సరుకులు పక్క సీట్లోనే. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగితే ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లాల్సింది వేరే కారు, 23 కిలోల సూట్‌కేసు ఒక్కటీ పట్టదు. పిల్లలున్న ఇంట్లో ఇది రెండో కారు కూడా కాదు, మూడోది. రోజూ ఆఫీసుకి మాత్రం హాయిగా వెళ్లొచ్చు, గాలనుకి 25 నుంచి 30 మైళ్లు ఇస్తుంది.

తిరిగి వెళ్లేటప్పుడు హైదరాబాద్‌కి పట్టుకుపోవచ్చా అని అడిగేవాళ్లుంటారు. పోలేరు. మన దేశం పాత కార్ల దిగుమతికి మూడేళ్ల లోపు వయసు, కుడివైపు స్టీరింగ్ అడుగుతుంది. దీనికి రెండూ లేవు.

కొన్నాక డబ్బు ముందు టైర్లకీ వీల్ అలైన్‌మెంట్‌కీ పెట్టండి. తర్వాత ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్. పాత ఆక్సిజన్ సెన్సార్లు ఎలాగూ విప్పారు కాబట్టి కొత్తవి అప్పుడే వేయించేయండి. స్టీరియో, రంగు, చక్రాల మోజు మొదటి వెయ్యి మైళ్లలో ఎంత ఆయిల్ తాగిందో లెక్క తేలాక చూసుకోవచ్చు.