కొత్త ఐటెం ఆలోచనకు ఏది మేలు: స్కాంపరా, ట్రిజా?

చర్లపల్లి, జీడిమెట్ల, బాలానగర్ వైపు చిన్న యూనిట్లు నడిపేవాళ్లు కలిస్తే నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "కొత్త ఐటెం ఏదైనా తీద్దామంటే ఆలోచనే తట్టడం లేదు. ఆ స్కాంపర్ అంటారే అది మేలా, ట్రిజ్ మేలా?" రెండూ కొత్త ఆలోచనలు పుట్టించడానికి వాడే పద్ధతులు. ఇన్నాళ్లూ రెండూ మంచివేనని చెప్పి ఊరుకునేవాణ్ని. ఈమధ్య మా బావ స్టీలు టిఫిన్ డబ్బాల యూనిట్లో రెండూ వరసగా వాడి చూశాక నా మాట మారింది.

రెండింటికీ పేరు తెచ్చినవాళ్ల దారులు వేరు. స్కాంపర్‌కు మూలం అమెరికాలో అడ్వర్టైజింగ్ కంపెనీ నడిపిన అలెక్స్ ఆస్‌బోర్న్ రాసుకున్న ప్రశ్నల పట్టిక. బాబ్ ఎబర్లీ 1971లో దాన్ని ఏడు ప్రశ్నలకు కుదించి ఈ పేరు పెట్టాడు. ట్రిజ్‌ను తెచ్చిన గెన్రిక్ ఆల్ట్‌షుల్లర్ 1946 నుంచి సోవియట్ నౌకాదళంలో కొత్త ఆవిష్కరణల దరఖాస్తులు చూసే ఉద్యోగి. మంచి ఆవిష్కరణలన్నిటిలో ఉమ్మడిగా ఏముందో వెతుకుతూ వేల పేటెంట్లు చదివాడు. మధ్యలో స్టాలిన్ కాలపు శిబిరాల్లో ఖైదు అనుభవించి 1954లో బయటికొచ్చి, మళ్లీ అదే పని అందుకున్నాడు. ఆయనకు కనిపించింది ఇది: గొప్ప ఆవిష్కరణ ఉన్న ప్రతిచోటా ముందు ఒక పేచీ ఉంటుంది. ఒకటి బాగుచేస్తే ఇంకొకటి చెడుతుంది. మామూలు మనిషి రెండిటి మధ్య రాజీ పడతాడు. ఆవిష్కర్త రాజీ పడకుండా దారి వెతుకుతాడు.

ముందు స్కాంపర్ సంగతి. బావ, మా అక్క, డైలు (రేకును ఆకారంలోకి నొక్కే అచ్చులు) చేసే ఫిట్టరు, ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ, నేను రెండు గంటలు కూర్చున్నాం. ఒకదాని బదులు ఇంకోటి పెడితే? రెండు కలిపితే? వేరేచోటి నుంచి తెచ్చుకుంటే? పెంచితే, తగ్గిస్తే? వేరే పనికి వాడితే? తీసేస్తే? తిరగేస్తే? ఆలోచనలు ధారగా వచ్చాయి. 202 గ్రేడు స్టీలు బదులు మేలైన 304, చెంచా ఇమిడే మూత, రంగుల క్లిప్పులు, పచ్చడికి చిన్న గిన్నె, అడుగు భాగం వెడల్పు. గోడంతా చీటీలే. మర్నాడు బావ ఆ చీటీలు పట్టుకుని బేగంబజార్‌లో స్టీలు సామాను హోల్‌సేల్ షాపులు తిరిగొచ్చాడు. చాలావరకు అక్కడ ముందే ఉన్నాయి. మిగిలినవాటిలో సగానికి కొత్త డై కొట్టించాలి, అంత పెట్టుబడి లేదు.

ఇది స్కాంపర్ తప్పు కాదు. అది డబ్బాను ప్రశ్నిస్తుంది, డబ్బా తనకు తెలిసిన జవాబులే ఇస్తుంది. పక్క యూనిట్ డబ్బాను అడిగినా అవే జవాబులు.

మూడో రోజు ట్రిజ్ పెట్టుకున్నాం. నిజానికి మేము పద్ధతిలో సగమే వాడాం. 39 లక్షణాల పట్టిక, 40 సూత్రాలు అని చాలామంది భయపడతారు. మొదటిసారికి ఆ పట్టిక ముట్టుకోకపోయినా నష్టం లేదు. అడగాల్సింది ఒక్కటే: ఏది కావాలంటే ఏది పోతోంది?

దానికి జవాబు బావ దగ్గర లేదు, నా దగ్గర అసలే లేదు. చెప్పింది ప్యాకింగ్ ఆవిడ. "మా చిన్నదానికి బడిల మూత రాదన్నా. రోజు టీచరమ్మతోని తీపిచ్చుకుంటది." బావ వెంటనే అందుకున్నాడు: "రింగు వదులు చేస్తే చారు కారుతది, బిగిస్తే ఇగో ఈ గోల." ఆరేళ్లుగా ఆయన ఈ రెండిటి మధ్య మూతకుండే సిలికాన్ రింగు మందాన్ని అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాడు. మూత బిగుతుగా ఉండాలి, వదులుగా ఉండాలి. ఒకే వస్తువుకు రెండు ఎదురెదురు కోరికలు.

ఇలాంటి పేచీని కాలంలోనో, చోటులోనో విడదీయమంటుంది ట్రిజ్. కాలంలో విడదీశాం. పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం పన్నెండున్నర దాకా బిగుతు కావాలి. ఆ తర్వాత అక్కర్లేదు. మరి ఈ మధ్యలో డబ్బాలో ఏం జరుగుతోంది? వేడి అన్నం పెట్టి మూత వేస్తాం. చల్లారేకొద్దీ ఆవిరి నీరవుతుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి మూతను కిందికి నొక్కి పట్టుకుంటుంది. పిల్ల పోట్లాడుతున్నది క్లిప్పుతో కాదు, గాలితో! అయితే మూత లాగనక్కర్లేదు, కాస్త గాలి లోపలికి పోతే చాలు.

బజార్లో కొన్ని ప్లాస్టిక్ డబ్బాల మూతకు చిన్న బిరడా ఉంటుంది, అది తీస్తే గాలి పోతుంది. స్టీలు మూతకు బెజ్జం పెట్టడం బావకు ఇష్టం లేదు. అదనపు భాగం పెట్టకుండా ఉన్నదానితోనే పని చేయించమని కూడా ట్రిజ్ చెబుతుంది. ఉన్నది రింగే. ఫిట్టరు సిలికాన్ రింగు చేతిలో తిప్పుతూ, "దీనికే చిన్న నాలుక బయటికి వదిలితే? లాగితే అక్కడ పైకి లేస్తది, గాలి పోతది" అన్నాడు. డై మారదు, మూత మారదు, రింగు మోల్డు ఒక్కటే మారుతుంది.

తర్వాత వెతికితే తెలిసింది, జర్మనీలో పండ్లు, కూరగాయలు నిల్వచేసే గాజు సీసాల రబ్బరు రింగుకు ఇలాంటి నాలుకే ఎప్పటినుంచో ఉందని. ఆల్ట్‌షుల్లర్ చెప్పిందీ అదే: నీ చిక్కును ఇంకో రంగంలో ఎవరో ఎప్పుడో విప్పి ఉంటారు. ఎక్కడ వెతకాలో చెప్పేది పేచీయే. డబ్బాల షాపుల్లో మాకది దొరికేది కాదు.

అందుకే నా మొగ్గు ట్రిజ్ వైపు. అయితే సకినాలో, పచ్చళ్లో, లాడ్‌బజార్ గాజులో అమ్మేవాళ్లకు ఇదే మాట చెప్పను. రుచి, రంగు, అందం దగ్గర పేచీ సులభంగా దొరకదు, అక్కడ స్కాంపర్ నడుస్తుంది. జొన్నపిండి సకినాలు దానితో రావచ్చు. అవి కొరియర్లో విరగకుండా ఎలా పంపాలన్నది మాత్రం మళ్లీ ట్రిజ్ పనే: పలచగా ఉంటేనే కరకరలాడతాయి, పలచగా ఉంటే విరుగుతాయి.

మిగతా పద్ధతుల సంగతి రెండు ముక్కల్లో. బ్రెయిన్‌స్టార్మింగ్ (తోచిన ఆలోచనలన్నీ బయటపెట్టడం) అందరం కూర్చుని చేస్తే సేటు మాటే అందరి మాట అవుతుంది. విడివిడిగా రాసి కలిపితే ఎక్కువ ఆలోచనలు వస్తాయని 1958లోనే యేల్ విశ్వవిద్యాలయంలో తేల్చారు. ఒకే విషయాన్ని ఆరు కోణాల్లో వరసగా చూసే ఆరు టోపీల పద్ధతి వచ్చిన ఆలోచనను తూచడానికి బాగుంటుంది. మార్ఫలాజికల్ పట్టికలో వస్తువు నాలుగు లక్షణాలకు (సైజు, రంగు లాంటివి) ఐదేసి రకాలు రాస్తే 625 కలయికలు వస్తాయి, వాటిని వడకట్టే ఓపిక ఉంటే వాడండి.

ట్రిజ్ మొదలుపెట్టేవాళ్లకు నా మనవి ఒకటే. ఆ గదిలోకి వస్తువు అమ్మేవాళ్లనే కాదు, దాన్ని రోజూ వాడి విసుక్కునేవాళ్లను కూడా పిలవండి. ప్యాకింగ్ ఆవిడను పిలవడం మా అక్క పట్టుదల. లేకపోతే ఇంకా క్లిప్పు రంగుల దగ్గరే ఉండేవాళ్లం.

నాలుక రింగుతో నమూనాలు పది చేయించాం. ఒకటి ఆ పాప బడికి తీసుకెళ్తోంది, మూత తనే తీసుకుంటోందట. పప్పుచారు కారలేదు, మజ్జిగ మాత్రం ఒక చుక్క దిగింది. నాలుక మొదట్లో మందం ఎంత ఉండాలో ఇప్పుడు ఫిట్టరు చూస్తున్నాడు.