పైన గట్టి, కింద గుల్ల

బెంగళూరులో హొరమావు వైపు మా థర్టీ ఫార్టీ సైటుకి సాయిల్ టెస్టు, తర్వాత ప్లింత్ ఫిల్లింగు (అంటే పునాది గోడల మధ్య మట్టి నింపడం), రెండూ ఒకే కంపెనీకి ఇచ్చాం. టెస్టుకి ఐదుకి ఐదు. ఫిల్లింగుకి రెండు, అదీ వాళ్ళ ఇంజనీరు కుర్రాడి మొహం చూసి. పేరు రాయను, మా వీధి చివర ఇంకా వాళ్ళ మనుషులే పని చేస్తున్నారు.

సైటు కొన్నప్పుడు అరచేతిలా చదునుగా ఉంది. నా అనుమానమంతా అక్కడే. ఈ ఊళ్ళో మెజెస్టిక్ బస్టాండు ఉన్నది ధర్మాంబుధి చెరువులో, కంఠీరవ స్టేడియం ఉన్నది సంపంగి చెరువులో. అంతంత చెరువులే పూడ్చారు, మా గుంట ఒక లెక్కా!

రెండు బోర్లకి 22,000 తీసుకున్నారు. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు, గొట్టం 45 సెంటీమీటర్లు దిగేదాకా. మొదటి 15 లెక్కలోకి రాదు, మిగతా 30కి ఎన్ని దెబ్బలు పడితే అదే ఎన్ విలువ, ఎక్కువుంటే నేల గట్టిదని. నేను గొడుగేసుకుని నిలబడి లెక్కపెట్టాను. మీటరున్నర దగ్గర నాలుగు. మూడు మీటర్ల దగ్గర పంతొమ్మిది. రిపోర్టులోనూ అవే అంకెలు వచ్చాయి, అందుకే ఆ ఐదు. పైకొచ్చిన మట్టిలో టైల్సు ముక్కలు, ఒక చెప్పు పట్టీ.

"చెప్పు దొరికిందంటే పూడ్చిన నేలే అక్కా. ఫుటింగులు, అదే స్తంభాల కింది పునాదులు, రెండు మీటర్లకి దింపుకోండి" అన్నాడు కుర్రాడు. మదనపల్లె వైపు అబ్బాయి.

ఫుటింగులు లేచాక ప్లింత్ లోపల మూడడుగులు ఎర్రమట్టి నింపాలి. ముందుగా ఆ మట్టికి ప్రోక్టర్ టెస్టు చేశారు, ఎంత తేమ ఉంటే బాగా గట్టిపడుతుందో చూడటానికి. లీటరు పట్టే అచ్చులో మూడు పొరలు, పొరకి పాతిక దెబ్బలు, ఒక్కోసారి ఒక్కో తేమతో. సున్నుండలు చుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు: నెయ్యి తక్కువైతే రాలిపోతుంది, ఎక్కువైతే జారిపోతుంది. మా మట్టికి ఆ నెయ్యి 12.5 శాతం నీళ్ళు. అప్పుడు సాంద్రత ఘన సెంటీమీటరుకి 1.86 గ్రాములు. సైటులో అందులో 95 శాతం రావాలని కాగితం మీద రాసుకున్నాం.

పొర 20 సెంటీమీటర్లు మించకూడదని కూడా అందులోనే ఉంది. నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి రెండు టిప్పర్ల మట్టి ఒకేసారి పోసేసి, పైన పైపుతో నీళ్ళు వదిలి, మట్టిని అదిమే చిన్న మెషిన్, ప్లేట్ కాంపాక్టర్, తిప్పేస్తున్నారు. చిన్నప్పుడు మా నాన్న కళ్ళానికి దిమ్మిస కొట్టించేటప్పుడు కూడా అంత మందాన పోయనిచ్చేవాడు కాదు. అడిగితే మేస్త్రీ, "ఏం కాదు మేడమ్, నాలుగు వానలు పడితే అదే కూర్చుంటుంది" అన్నాడు. కూర్చుంటుంది నిజమే, నేను టైల్సు వేయించాక! ఇసుకైతే నీళ్ళకి కొంత సర్దుకుంటుంది. బంకపాలు ఉన్న మట్టికి నీళ్ళు పడితే బురదవుతుంది అంతే.

కుర్రాడికి ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున్నే కోర్ కట్టర్ పట్టుకొచ్చాడు, సాంద్రత చూడటానికి నేలలో దింపి మట్టి తీసే గొట్టం అది. పైన కొట్టి చూస్తే 1.78, నవ్వు మొహాలు. "ఒక అడుగు తవ్వి కింద చూడు నాయనా" అన్నాను. 1.60. అంటే 86 శాతం. ఆ చిన్న మెషిన్ దెబ్బ అంత లోతుకి అందదు, అందుకే పైన గట్టిగా, కింద గుల్లగా ఉంది. మేస్త్రీ నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. కుర్రాడు మాత్రం వాదించలేదు, మొత్తం తోడించేశాడు.

రెండోసారి పొర పొరకీ నేను అక్కడే ఉన్నాను, మూడు రోజులు సెలవు పెట్టి. మట్టి పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, విరిస్తే రెండు ముక్కలుగా విరగాలి, పొడి కాకూడదు. పొర పూర్తవగానే కోర్ కట్టర్. చివరి పొరకి 1.79 వచ్చింది, 96 శాతం. గోడ మూలల్లో ప్లేట్ పట్టని చోట్ల చేతి దిమ్మిసతో కొట్టించాను, అది వాళ్ళ లిస్టులో లేదు, నేనే అడగాల్సి వచ్చింది.

వీళ్ళకి పని ఇస్తే టెస్టు రోజున హాయిగా ఇంట్లో కూర్చోండి. ఫిల్లింగు రోజున మాత్రం కుర్చీ, ఫ్లాస్కూ తీసుకుని సైటుకి వెళ్ళండి. రెండోసారి చేసినందుకు కూలి అడగలేదు, ఆ మాట కూడా చెప్పాలి. మెషిన్‌కి పెట్రోలు మాత్రం నా చేతే పోయించారు.