బెజవాడ ఎండకు ఆరేళ్లు నిలిచిన గిటార్ చెక్క: ఫ్లేమ్ మేపుల్, మామిడి టాప్‌ల సమీక్ష

రెండు గిటార్లు. బాడీ కొలత ఒకటే, వెనక మహాగని ఒకటే. ఒకదాని మీద దిగుమతి ఫ్లేమ్ మేపుల్ (పులిచారలు మెరిసే మేపుల్ చెక్క) టాప్, అంటే బాడీ ముందువైపు అతికించే పలక; రెండోదాని మీద నూజివీడు వైపు తోటలో కొట్టిన ముదురు మామిడి మానులోంచి తీసిన అలల చెక్క. రెండూ 7 మి.మీ. మందమే. ఆరు వేసవులు, ఆరు వానాకాలాలు విజయవాడలోనే, ఏసీ రాత్రిపూట మాత్రమే నడిచే గదిలో గడిచాయి. చారలు రెండింటిలోనూ చెక్కుచెదరలేదు. తేడా అంతా అతుకుల దగ్గర వచ్చింది. దానికి కారణం చెక్క అతికించిననాటి తేమ, కోసిన తీరు.

మేపుల్‌లో మెరిసే ఆ పులిచారలు రంగు కాదు. నార తిన్నగా పెరగక అలలుగా పెరుగుతుంది. కోసినప్పుడు ఒక చారలో నార కొనలు, పక్క చారలో నార పక్కభాగం పైకి తేలతాయి. కొనలు వెలుగును మింగుతాయి, పక్కభాగం తిప్పికొడుతుంది. అందుకే గిటార్ వంచితే ముదురు చార లేతగా, లేత చార ముదురుగా మారుతుంది. కొనేటప్పుడు పరీక్ష కూడా ఇదే: పలక మీద స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి పక్కనుంచి వేసి, పలకను 180 డిగ్రీలు తిప్పండి. చారలు తారుమారైతే అసలుది, కదలకపోతే మరకో ప్రింటో. ప్లైవుడ్ షాపుల్లో దొరికే రీకాన్ వెనీర్‌లో (రంగేసిన పొరలను అతికించి మళ్లీ కోసిన కృత్రిమ చెక్క పొరలో) అదే డిజైను కొంత దూరానికోసారి అచ్చుగుద్దినట్టు మళ్లీ వస్తుంది. పైగా అది అర మిల్లీమీటరే, శాండ్ పేపర్ కాస్త గట్టిగా పట్టినా కింది చెక్క బయటపడుతుంది.

ఫొటో చూసి డబ్బు కట్టవద్దు. పలకను అటూ ఇటూ వంచుతూ తీసిన వీడియో అడగండి, కొన ముఖం (పలకను అడ్డంగా కోసిన చివర) కూడా చూపించమనండి. కొన ముఖంలో చెట్టు పెరుగుదల వలయాలు నిలువుగా ఉంటే క్వార్టర్ కోత. ఫ్లేమ్ బాగా పలికేది అందులోనే, కదలికా తక్కువ. బుడగలు తేలినట్టుండే క్విల్టెడ్ మేపుల్ మాత్రం వలయాలు పడుకున్న ఫ్లాట్ కోతలోనే అందంగా ఉంటుంది. క్విల్ట్ ఎక్కువగా వచ్చే బిగ్‌లీఫ్ మేపుల్ పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట దాదాపు 7 శాతం, వాటికి అడ్డంగా 4 శాతం లోపే కుంచించుకుపోతుంది. అంటే క్విల్ట్ టాప్ కదలిక దాదాపు రెట్టింపు. మన వాతావరణానికి నా ఓటు ఫ్లేమ్‌కే.

ఒకే పలకను మధ్యకు చీల్చి పుస్తకంలా తెరిచి అతికిస్తే బుక్‌మ్యాచ్. ఒక సగం మెరుస్తుంటే రెండో సగం మసకగా కనిపిస్తుంది, వంచితే అటుది ఇటవుతుంది. రెండు సగాల్లో నార ఎదురెదురు దిక్కులకు వాలడం వల్ల అలా ఉంటుంది. దీన్ని లోపమనుకుని పలక వెనక్కి పంపేవాళ్లున్నారు, అనవసరం.

ఇక తేమ. టింబర్ డిపోలో ఎప్పుడడిగినా "బాగా ఎండిందండీ" అనే మాటే వస్తుంది. తేమ కొలిచే పిన్ మీటర్ గుచ్చి చూస్తేనే నిజం. 8 నుంచి 10 శాతం మధ్య ఉంటే తీసుకోవచ్చు. ఈ మేపుల్‌ను 8 శాతం దగ్గర అతికించారు. ఆరేళ్ల తర్వాత మధ్య అతుకు వేసవిలో వేలిగోటికి సన్నగా తగులుతుంది, అంతకుమించి ఏమీ లేదు. మామిడిని మాత్రం 13 శాతం దగ్గరే తొందరపడి అతికించారు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఒక్కటి దాటేసరికి బైండింగ్ (బాడీ అంచు చుట్టూ అతికే పట్టీ) పక్కన 0.4 మి.మీ. సందు వచ్చింది. వానలకు కొంత మూసుకుంది, పూర్తిగా కాదు. అంగుళం మందం పలక నీడలో గాలికి ఆరడానికి ఏడాది పడుతుందని లెక్క వేసుకోండి. కొనలకు పెయింటో మైనమో పూయకపోతే అక్కడి నుంచే చీలుతుంది. మామిడికి పురుగు బెడద కూడా ఉంది. తెల్లచెక్కలోని పిండిపదార్థం కోసం పురుగు దిగుతుంది, సూదిమొన రంధ్రాలు, కింద మెత్తటి పొడి కనిపిస్తే ఆ పలక వద్దు.

పని చేయించేటప్పుడు అలల చెక్కకు మామూలు చిత్రిక పట్టనివ్వకండి. నార ఎక్కడికక్కడ దిక్కు మారుతుంది కాబట్టి పెచ్చులుగా లేచిపోతుంది. శాండ్ పేపర్ చుట్టిన డ్రమ్ము తిరుగుతూ అరగదీసే డ్రమ్ శాండర్ మేలు. రౌటర్ (తిరిగే బిట్టుతో చెక్కే యంత్రం) అయితే కొత్త బిట్టుతో, ఒక్కో విడతకు 1 మి.మీ. మించకుండా తీయాలి.

బరువు ముందే లెక్కవేయొచ్చు. కోతలు పోగా బాడీ దాదాపు 4 లీటర్ల చెక్క. లీటరుకు 0.55 కిలోల మహాగనితో 2.2 కిలోలు, 0.65 ఉండే టేకుతో 2.6. నల్లమద్దిలో వెండి అలలు అద్భుతంగా ఉంటాయి కానీ లీటరు 0.85 దాకా తూగుతుంది, బాడీ మొత్తం దానితోనే చేస్తే 3.4 కిలోలు భుజం మీద పడతాయి. దాన్ని టాప్‌కే వాడాలి. అలల ఎర్రచందనం ఇస్తామని ఎవరైనా చెబితే ఆ మాట వినకండి, అనుమతి పత్రాలు లేని దుంగ నేరమే.

రంగు విషయంలో మామిడిదే గెలుపు. డై అక్కర్లేదు, బంగారు గోధుమరంగు ఏటికేడు చిక్కబడింది. అయితే రంధ్రాలు ముందే ఫిల్లర్‌తో నింపాలి, లేకపోతే రెండేళ్లలో పాలిష్ గుంటలు పడుతుంది. మేపుల్‌కు వేసిన ఎరుపు అంచు కిటికీ వైపు వెలిసింది. 1958–60 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటార్లలో ఎరుపు వెలిసి పసుపు మిగిలిన సంగతి తెలిసిందే. నీలం డై కావాలంటే పసుపుబారే లక్కర్ వద్దు, కొన్నేళ్లకు ఆకుపచ్చగా కనిపిస్తుంది.

మేపుల్ గిటార్‌కు నెక్ కూడా ఫ్లేమ్‌దే. మళ్లీ చేయిస్తే సాదా మేపుల్ తీసుకుంటాను. ఈ నెక్ మే చివర వెనక్కి, ఆగస్టు వానలకు ముందుకు వంగుతుంది, ఏటా రెండుసార్లు ట్రస్ రాడ్ (నెక్ లోపలి సర్దుబాటు కడ్డీ) పావు చుట్టు తిప్పాల్సిందే. తీగను మొదటి, చివరి ఫ్రెట్ల (నెక్ మీది లోహపు పట్టీల) దగ్గర నొక్కి చూస్తే ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద 0.2 మి.మీ. సందు ఉంటే చాలు.

టాప్‌కు 560 × 190 మి.మీ. ముక్కలు రెండు, 9 మి.మీ. మందంతో అడగండి, శాండింగ్‌లో 2 మి.మీ. పోతుంది. బాడీ ఆకారం కోశాక మిగిలిన ముక్కలు వడ్రంగి దగ్గర వదిలేయకండి. మామిడి గిటార్ బైండింగ్ పక్కన సందును అదే పలక ముక్క నుంచి చీల్చిన సన్నటి పుల్లతో పూడ్చారు. ఇప్పుడు చూస్తే ఎక్కడ పూడ్చిందీ తెలియదు.