కరెంటు కేబుల్ అడగని కార్డు: కంపెనీ డెస్క్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ

కంపెనీ బిగించి ఇచ్చిన డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకుంటే మొదట అడ్డం పడేది పవర్ సప్లై. మూత తీస్తే 240 వాట్లో 260 వాట్లో రాసున్న చిన్న డబ్బా కనిపిస్తుంది. కార్డుకి ఇవ్వడానికి అందులోంచి 6 పిన్ కేబుల్ ఒక్కటీ రాదు. పోనీ పెద్దది కొని పెడదామంటే డబ్బా కొలత బజార్లో దొరికే ప్రామాణిక ఏటీఎక్స్ సైజుది కాదు, స్క్రూ రంధ్రాలు కలవవు, బోర్డు మీద 24 పిన్ సాకెట్‌కి బదులు ఆ కంపెనీ సొంత సాకెట్ ఉంటుంది. ఇన్ని తలుపులు మూసేసిన పెట్టెలో ఎన్‌విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు పవర్ సప్లై జోలికే పోకుండా కూర్చుంది. చాలాకాలంగా రోజూ వాడుతున్నా ఆ ఒక్క గుణం మీద నా మోజు తగ్గలేదు.

దీని వాడకం 70 వాట్లు. కార్డు గుచ్చే 16 లేన్ల (డేటా దారుల) పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఇవ్వగలిగేది 75 వాట్లు. అందుకే విడిగా కేబుల్ అక్కర్లేదు. గేమ్ నడుస్తుండగా కార్డు వాడకం చూపించే ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ తెరిచి చూస్తే అంకె 65కీ 70కీ మధ్య తిరుగుతూ ఉంటుంది, అక్కడికే కట్టుబడి ఉంటుంది. 65 వాట్ల తరగతి ప్రాసెసర్, ఒక ఎస్‌ఎస్‌డీ, రెండు ర్యామ్‌లు ఉన్న మెషీన్‌లో 240 వాట్ల సప్లైకి ఇది బరువేమీ కాదు. 180 వాట్ల సప్లై అయితే నేను వెనకాడతాను. ప్రాసెసర్ టర్బోలోకి వెళ్లి వేగం పెంచుకున్నప్పుడు 65 దగ్గర ఆగదు, పైగా హార్డ్ డిస్కులు కూడా ఉంటే లెక్క బాగా బిగుసుకుపోతుంది.

కొనేటప్పుడు పేరు చూసి మోసపోయే చోటొకటి ఉంది. 2022 జనవరిలో వచ్చిన 3050 8 జీబీ వేరు, 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఈ 6 జీబీ వేరు. పాతది 130 వాట్లది, పవర్ కేబుల్ తప్పనిసరి. కొత్తదానిలో కోర్లు కూడా 2560 నుంచి 2304కి, మెమరీ బస్సు (మెమరీకి డేటా దారి వెడల్పు) 128 బిట్ల నుంచి 96కి తగ్గాయి. ఒకటే పేరుతో రెండూ అమ్ముడవుతున్నాయి కాబట్టి బొమ్మలో కార్డు పై అంచు చూడండి. అక్కడ పవర్ సాకెట్ ఉంటే అది మీకు పనికొచ్చేది కాదు. జీటీఎక్స్ 1650లో కూడా ఇదే తిరకాసు. 75 వాట్ల చిప్పే అయినా కొన్ని మోడళ్లకి 6 పిన్ సాకెట్ పెట్టారు.

సాకెట్ ఉన్న కార్డు తెచ్చి, డిస్కులకి కరెంటిచ్చే సాటా కేబుల్‌ని 6 పిన్‌గా మార్చే చిన్న అడాప్టర్‌తో నడిపించేద్దామనే ఆలోచన మాత్రం దయచేసి వద్దు. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకి మూడే పిన్నులు, ఒక్కోదానికి 1.5 ఆంపియర్లు. అంతా కలిపి 54 వాట్లు. 6 పిన్ సాకెట్ 75 వాట్ల దాకా లాగొచ్చు. ఆ తేడా ప్లాస్టిక్ కరగడంలో తేలుతుంది.

బిగించడం తేలికే, కొలతలు ముందు తీసుకుంటే. సన్న కేబినెట్ అయితే పొట్టి బ్రాకెట్ ఉన్న మోడలే కావాలి. ఈ కార్డులు ఎక్కువగా రెండు స్లాట్ల మందం కాబట్టి పెద్ద స్లాట్ పక్కనే పవర్ సప్లై గోడ ఉందేమో చూసుకోవాలి. కార్డు తోక వచ్చే చోట సాటా పోర్టులు పైకి నిలబడి ఉంటే కేబుల్ మడత తగులుతుంది. డిస్కుకి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉంటే బయోస్‌లో (ఆన్ చేయగానే నడిచే బోర్డు ప్రోగ్రాంలో) చెయ్యి పెట్టే ముందు దాన్ని తాత్కాలికంగా ఆపి, రికవరీ కీ వేరే చోట రాసిపెట్టుకోండి. బయోస్ అప్‌డేట్ ఉంటే పాత డిస్‌ప్లే పనిచేస్తుండగానే వేసేయాలి. ప్లగ్గు పీకాక పవర్ బటన్ ఒకసారి నొక్కితే మిగిలిన కరెంటు దిగిపోతుంది. కార్డు నొక్కినప్పుడు స్లాట్ చివరి క్లిప్పు టిక్కుమనాలి. మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టు నుంచి తీసి కార్డుకి పెట్టాలి. కొత్త కార్డు వేశాక తెర నల్లగా ఉందని కంగారుపడే వాళ్లలో చాలామందికి కేబుల్ ఇంకా పాత పోర్టులోనే ఉంటుంది.

అసలు ఇబ్బంది నెలలు గడిచాక, ఊహించని చోట వచ్చింది. గంటన్నర గేమ్ ఆడాక గోడలూ నేలా మసకగా కనిపించి, ఆలస్యంగా తేరుకునేవి. పెద్ద వీడియో ఫైలు రాస్తుంటే మధ్యలో వేగం పడిపోయేది. మెషీన్‌కి పావుగంట విశ్రాంతి ఇస్తే మళ్లీ మామూలే. ఇలాంటప్పుడు ఎవరైనా కార్డునే అనుమానిస్తారు. ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో అంకెలు వేరే మాట చెప్పాయి: కార్డు 66 డిగ్రీలు, ప్రాసెసర్ 57, ఎస్‌ఎస్‌డీ 81. బాగా వేడెక్కితే ఎస్‌ఎస్‌డీ తన వేగం తానే తగ్గించుకుంటుంది.

ఎస్‌ఎస్‌డీ ఉన్నది కార్డు కిందనే, ఎం.2 స్లాట్‌లో, హీట్‌సింక్ లేకుండా. ఈ కార్డు ఫ్యాన్లు వేడిని వెనక బ్రాకెట్‌లోంచి బయటికి తోయవు, కేబినెట్ లోపలే వదిలేస్తాయి. అది పోవాలంటే ముందున్న కేబినెట్ ఫ్యాన్ జోరుగా తిరగాలి. నా మెషీన్ బయోస్ ఆ ఫ్యాన్‌ని ప్రాసెసర్ ఉష్ణోగ్రతకి మాత్రమే కట్టేసింది. గేమ్‌లో భారమంతా కార్డు మీద, ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది, కాబట్టి ఫ్యాన్ నిద్రపోతూ ఉంటుంది. కార్డు వేస్తారని స్లాట్ ఇచ్చినవాళ్లు కార్డు వేడిని లెక్కలో కలపకపోవడం నాకు మింగుడుపడదు. కార్డుది ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే కేబుల్ అక్కర్లేదంటే వేడి కూడా లేనట్టే అనుకునేలా చేస్తుంది. 70 వాట్లు ఎటునుంచి వచ్చినా వేడిగానే మారతాయి.

దారికి తెచ్చింది మూడు పనులు. బయోస్‌లో కేబినెట్ ఫ్యాన్ కనీస వేగం పెంచే అమరిక ఉంది, దాన్ని సగానికి జరిపాక శబ్దం కొంచెం పెరిగినా గాలి ఆడింది. ఎస్‌ఎస్‌డీకి 3 మిల్లీమీటర్ల పలుచని అల్యూమినియం పలక, థర్మల్ ప్యాడ్‌తో అతికించాను. రెక్కలున్న పొడుగు హీట్‌సింక్ అక్కడ పట్టదు, కార్డు కూలర్ అంచు తగులుతుంది. మూడోది, కార్డు కింద ఖాళీగా ఉన్న స్లాట్ల రేకు మూతలు తీసి జాలీ మూతలు పెట్టడం. తర్వాత అదే గేమ్, అంతే సేపు: ఎస్‌ఎస్‌డీ 68 దగ్గర ఆగింది, మసక మళ్లీ రాలేదు. బయోస్‌లో ఆ అమరిక లేనివాళ్లు సాటా పవర్ నుంచి ఇంకో ఫ్యాన్ నడుపుకోవచ్చు. ఫ్యాన్ తీసుకునేది 0.2 ఆంపియర్ల లోపే కాబట్టి ఇక్కడ సాటాతో భయం లేదు. ఉన్న ఫ్యాన్‌ని పీకి వేరేది పెడితే మాత్రం కొన్ని మెషీన్లు ప్రతిసారీ ఆన్ చేసేటప్పుడు ఫ్యాన్ ఎర్రర్ చూపించి ఆగిపోతాయి.

పనితీరు మీద మొదట్లో ఉన్న ఉత్సాహం ఇప్పుడు కొంచెం సర్దుకుంది. 1080పీలో మీడియం సెట్టింగులకి ఇది చక్కగా సరిపోతుంది, తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్ తోడైతే ఇంకాస్త పైకి వెళ్లొచ్చు. డీఎల్‌ఎస్‌ఎస్‌లోని ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు కల్పించడం) ఈ తరానికి లేదు. టెక్స్చర్లు (గోడలూ నేలా పైపూత బొమ్మలు) హై పెడితే కొత్త గేమ్‌లలో కార్డు 6 జీబీ మెమరీ నిండిపోతుంది. నిండాక మిగతాది ర్యామ్ నుంచి స్లాట్ ద్వారా రావాలి, ఆ దెబ్బ పాత బోర్డుల మీదే గట్టిగా తగులుతుంది, ఎందుకంటే కార్డు వాడేది 8 లేన్లే, మూడో తరం స్లాట్‌లో అవి సెకనుకి 8 జీబీ కూడా మోయలేవు. టెక్స్చర్లు ఒక మెట్టు దించితే ఆ కుదుపు పోతుంది. వీడియో పనిలో ఏవీ1 చూడటానికి బాగుంది, ఆ ఫార్మాట్‌లోకి ఎన్‌కోడ్ చేయడం మాత్రం దీనికి రాదు.

53 వాట్ల ఆర్‌ఎక్స్ 6400 కూడా కేబుల్ అడగదు కానీ దానికి 4 లేన్లే, వీడియో ఎన్‌కోడర్ అసలు లేదు. ఇంటెల్ ఆర్క్ కార్డులు బాగా నడవాలంటే రీసైజబుల్ బార్ (ప్రాసెసర్‌కి కార్డు మెమరీ అంతా ఒకేసారి అందేలా చేసే అమరిక) కావాలి, పాత కంపెనీ బయోస్‌లలో ఆ మాటే కనిపించదు. కాబట్టి మార్చలేని 240 వాట్ల సప్లై, 1080పీ మానిటర్, మీడియం సెట్టింగులతో సరిపెట్టుకునే ఓపిక, ఈ మూడూ ఉన్న నాలాంటి వాళ్లకి ఇదే కార్డు చెబుతాను. మీ పవర్ సప్లై మామూలు ఏటీఎక్స్ సైజుదై, బోర్డుకి 24 పిన్ సాకెట్ ఉంటే లెక్క మారుతుంది: సప్లైనే మార్చి, 8 పిన్ సాకెట్ ఉన్న పెద్ద కార్డు వేసుకోవడం మేలు.