బరంపురం ఉక్కకు పౌడరు బ్లష్, కోరాపుట్ చలికి క్రీము: ఏది మేలు?

ఒడిశాలో గోపాల్‌పూర్ సముద్రపు ఉప్పుగాలి తగిలే బరంపురంలో మధ్యాహ్నం కాకముందే ముఖం జిడ్డోడుతుంది. కొండెక్కి కోరాపుట్, సునాబెడ వైపు పోతే డిసెంబరు చలికి బుగ్గలు పొట్టు లేస్తాయి. బుగ్గలకు రంగునిచ్చే బ్లష్ కొనేటప్పుడు బ్రాండు సంగతి తర్వాత, ముందు మీ చర్మం ఎలాంటిదో తేల్చుకోండి. ముఖం కడిగి, ఏమీ రాయకుండా గంటసేపు ఆగి, టిష్యూ కాగితం బుగ్గకు అద్దండి. నూనె మరక పడితే జిడ్డు చర్మం. మరక లేకుండా చర్మం లాగుతుంటే పొడి చర్మం.

జిడ్డు చర్మానికి పౌడరే మేలు. చాలా పౌడర్లలో ఉండే టాల్క్ నూనెను కొంత పీల్చుకుంటుంది. బ్రష్ కొసను ఒక్కసారి అద్ది, డబ్బా అంచుకు తట్టి, అప్పుడు బుగ్గకు రాయాలి. తట్టకపోతే మొదట తగిలిన చోటే రంగంతా దిగి మచ్చ కడుతుంది. చెమట మీద రాసినా అంతే, ముందు టిష్యూతో అద్దుకోండి. కొన్నాళ్లకు బ్లష్ పైపొర మెరుస్తూ గట్టిపడి రంగు రావడం మానేస్తుంది. అది బ్రష్ మోసుకొచ్చిన ముఖం నూనె. సెల్లోటేపు అంటించి లాగితే ఆ పొర ఊడొస్తుంది. వారానికోసారి బ్రష్‌ను షాంపూతో కడిగితే ఆ బాధ తగ్గుతుంది.

పొడి చర్మం మీద ఇదే పౌడరు పొట్టును పట్టుకుని సున్నం రాలిన గోడలా కనబడుతుంది. అక్కడ క్రీము గెలుస్తుంది. మాయిశ్చరైజర్ రాసి ఐదు నిమిషాలు ఆగి, బుగ్గకు పెసరగింజంత క్రీము ఉంగరపు వేలితో అద్దండి. రుద్దితే కింది ఫౌండేషన్ లేచిపోతుంది. వరుస కూడా ముఖ్యమే: ఫౌండేషన్, క్రీము, ఆపైన కాంపాక్ట్ పౌడరు. కాంపాక్ట్ మీద క్రీము రాస్తే అట్టలు కడుతుంది.

మరి మే నెలలో బరంపురంలో పెళ్లయితే? క్రీము పల్చగా అద్ది, అదే రంగు పౌడరు పైన తేలిగ్గా వేయండి. రెండూ కలిస్తే ఏ ఒక్కదానికన్నా ఎక్కువసేపు నిలుస్తాయి. టింట్, అంటే నీళ్లలా పల్చటి బ్లష్, చెమటకు బాగానే ఆగుతుంది గానీ అలవాటు లేనివాళ్లకు వద్దు, ఆరిందంటే కదలదు. రెండు చుక్కలు, ఒక బుగ్గ పూర్తయ్యాకే రెండోది.

రంగు దగ్గరే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. పాలిపోయిన గులాబీ రంగుల్లో తెల్ల పిగ్మెంటు ఎక్కువ, నల్లని చర్మం మీద బూడిద పూసినట్టుంటుంది. అలాంటి చర్మానికి ఇటుక ఎరుపు, నేరేడు, ముదురు రాణిరంగు నప్పుతాయి. చామనఛాయకు పగడం రంగు, ముదురు గులాబీ. పసుపు రాసుకునే ముఖం మీద గులాబీ కాస్త నారింజకు తిరుగుతుంది, పెళ్లికూతురికి రంగు ఎంచేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. దుకాణం లైటును నమ్మొద్దు. బుగ్గ మీద రాసుకుని వీధిలోకొచ్చి పగటి వెలుగులో చూడండి.

ముక్కుకు రెండు వేళ్ల దూరం వదిలి, చెవి పైభాగం వైపు లాగండి. ముక్కు కొనకన్నా కిందికి దిగితే ముఖం జారినట్టుంటుంది. బ్లష్ లేదని కుంకుమ రాసుకోవద్దు, బజారు కుంకుమలో ఏ రంగు కలిపారో తెలియదు, చర్మం మండొచ్చు.

ఒక్కటే కొనాలంటే కోస్తా వాళ్లు పౌడరు కొనండి, అది చాలాకాలం చెడదు. క్రీము కొన్నవాళ్లు డబ్బా మీద మూత తెరిచిన బొమ్మ చూడండి. అందులో 12 అని ఉంటే తెరిచాక 12 నెలలే. ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో మాత్రం పెట్టకండి, కరిగి నూనె, రంగు విడిపోతాయి.