ఊరి భజనకు మనుషులు: చాటింపు మేలా, గడప గడపకూ పోవడం మేలా?

ముందు ఎంతమంది కావాలో లెక్క తేలాలి. ఏకాహం అంటే 24 గంటలు పాట తెగకూడదు. రెండు గంటలకొక వంతు వేసుకుంటే 12 వంతులు. ఒక్కో జట్టు రెండు వంతులు మోస్తుందనుకున్నా ఆరు జట్లు కావాలి, జట్టుకు ఎనిమిది మంది చొప్పున 48 మంది. సప్తాహమైతే 168 గంటలు. అది ఒక ఊరి గొంతులతో అయ్యేది కాదు, చుట్టుపక్కల ఊళ్ల భజనలకు కబురు పెట్టుకోవాల్సిందే. శనివారం రాత్రి గుడిలో గంటన్నర పాడుకునే భజనకు మాత్రం 12 నుంచి 15 మంది చాలు. కాకపోతే ఆ పదిహేను మందే వారం వారం రావాలి. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ఊళ్లలో కొత్తగా మొదలైన భజన నాలుగు వారాలకే మూలపడిందంటే, ఏకాహానికి పిలిచినట్టు పిలిచి శనివారానికి మనుషులు నిలవాలని చూశారేమో ముందు అడగాలి.

చాటింపు, వాట్సాప్, గుడి మైకు

మూడూ ఒకే జాతివి. ఊరందరికీ ఒకేసారి తెలుస్తుంది, ఖర్చు పెద్దగా ఉండదు, ‘మాకు చెప్పలేదు’ అనే మాట రాదు. ఈ చివరిదాన్ని తక్కువ చేయొద్దు. రెండు వర్గాలున్న ఊళ్లో మైకులో చెప్పకుండా కొందరినే పిలిస్తే అది ఫలానా వాళ్ల భజన అయిపోతుంది, రెండో వర్గం గుడి మెట్టెక్కదు.

చిక్కు ఏమిటంటే, చాటింపుకు వచ్చేది పాడాలని ఉన్నవాళ్లు. పాడగలిగినవాళ్లు రారు. మంచి గొంతున్న ఆడమనిషి ‘నాకేమొస్తది’ అని ఇంట్లోనే ఉంటుంది. మైకు మీద మోజున్నవాళ్లు మాత్రం ముందు వరుసలో కూర్చుంటారు. రమ్మని పిలిచి, పాట విన్నాక వద్దనడం ఊళ్లో కుదిరే పని కాదు, తెల్లారితే పొలం గట్టు మీద ఎదురయ్యే మనిషి. అందుకని చాటింపులో ‘పాడేవాళ్లు రండి’ అనకూడదు. ‘భజన మొదలుపెడుతున్నం, వచ్చి వంత కలపండి’ అనాలి. వంతకు ఎవరైనా పనికొస్తారు. ముందు పాడేవాళ్లు వాళ్లలోంచే మెల్లగా తేలుతారు.

వాట్సాప్‌లో వచ్చిన ‘సరే’ను లెక్కలో వేసుకోవద్దు. గ్రూపులో దండం బొమ్మ పెట్టినవాళ్లందరికీ చాపలు పరిస్తే చాపలే మిగులుతాయి.

ఏకాహానికైతే ఈ దారే మేలు. అక్కడ మనుషుల సంఖ్య ముఖ్యం, రాత్రి రెండు నుంచి నాలుగు దాకా వంతు నింపడమే అసలు పని. ఆ వంతును మాత్రం చాటింపుకు వదలకుండా పేర్లు రాసుకుని, నిద్ర లేపే మనిషిని కూడా ముందే పెట్టుకోవాలి.

గడప గడపకూ

నెమ్మదైన పని ఇది. సాయంత్రానికి నాలుగైదు ఇళ్లకు మించి తిరగలేరు. అయినా వారం వారం నిలిచే భజనకు దీన్ని మించింది లేదు.

ఎవరి ఇంటికి పోవాలన్నది బతుకమ్మ దగ్గరే తేలుతుంది. ఆ తొమ్మిది రోజులూ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టేవాళ్లు ఎందరున్నా, చరణం ఎత్తుకునేది ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. కాగితం చూడకుండా అరగంట చరణాలు అందించిందంటే ఆమెకు పాట గుర్తుంటుంది, గొంతు అలవదు, పది మందిని వెంట నడిపించడం తెలుసు. భజనలో ముందు పాడే మనిషికి ఇంకేం కావాలి? నాట్ల మడిలో పాట ఎత్తుకునేదెవరో ముఠా పెద్దమనిషిని అడిగితే పేరు చెబుతుంది. మగవాళ్లలో చిరుతల రామాయణం (చేతిలో చిరుతలనే చెక్కలు కొడుతూ ఆడే రామాయణం) ఆడినవాళ్లను వెతకాలి. అడుగు, చిరుతల దెబ్బ, పాట మూడూ కలిపి గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లు కాబట్టి తాళం మళ్లీ నేర్పే పని లేదు.

అడిగే తీరులోనే సగం పని ఉంది. ‘భజనల చేరుతవా’ అంటే ‘చూద్దాం’ అంటారు, అంటే రానన్నట్టే. ‘పెద్దమ్మా, ఈ శనివారం ఎనిమిదింటికి గుడికాడికి రా. మొన్న బతుకమ్మ కాడ పాడినవు గదా, అసొంటిది ఒక్కటి పాడు. తొమ్మిదిన్నరకు మా చిన్నోడు ఇంటికాడ దింపుతడు’ అంటే ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం పాడాలి, ఇల్లెట్లా చేరాలి అన్నీ ఒక్క మాటలో తెలిసిపోతాయి. ఆడవాళ్లను అడగడానికి ఆడవాళ్లే పోవాలి. కోడలి గొంతు కావాలంటే ముందు అత్తను పిలవాలి. అత్త కూడా వచ్చి వంత కలిపితే ఆ ఇంటి నుంచి ఇక మానేయరు.

వచ్చిన రోజు పరీక్ష పెట్టినట్టు కనబడకుండా శ్రుతి, తాళం చూసుకోవాలి. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, ఆడవాళ్లకు ఐదు శ్రుతి (యాప్‌లో G), మగవాళ్లకు ఒకటి (C) దగ్గర మొదలుపెట్టి, వాళ్లకు వచ్చిన పాటే పాడించండి. కింది పంచమం (కింది స్థాయి ‘ప’) వినబడకపోతే అర శ్రుతి పెంచండి. పై గాంధారం (పై స్థాయి ‘గ’) దగ్గర మెడ నరాలు తేలితే అర తగ్గించండి. ఎక్కడ సుఖంగా నిలిచిందో పుస్తకంలో పేరు పక్కన రాసుకోండి. ఇది రాసుకోని భజనలో ఆడవాళ్లు, మగవాళ్లు ఒకే శ్రుతికి పాడబోయి, ఒక జట్టు కీచుగా అరుస్తుంది, రెండోది గొణుగుతుంది. ఆడవాళ్లు ముందు పాడే కీర్తనలు ఐదు, ఐదున్నరకు, మగవాళ్లవి ఒకటి, రెండుకు పెట్టుకుని వంతులు మార్చుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

తాళానికి ఇంకో కిటుకు ఉంది. మీరు పాడుతూ ఎదుటి మనిషిని ఎనిమిది లెక్కల ఆదితాళం వేయమనండి. మధ్యలో పాట ఆపి, రెండు ఆవర్తాలు (తాళం రెండు చుట్లు) ఊరుకుని, మళ్లీ ఎత్తుకోండి. పదహారు లెక్కలు దాటాక ఆ చేయి సరిగ్గా మొదటి దెబ్బ మీదే ఉంటే, గొంతు బొంగురైనా ఆ మనిషిని వదలొద్దు. శ్రుతి కాస్త తప్పిన ఒక గొంతు పదిహేనులో కలిసిపోతుంది. తప్పు కొట్టే ఒక జత తాళాలు మాత్రం పదిహేను మందినీ ఈడ్చుకుపోతాయి.

చాటింపు వేసే డప్పు మనిషి ముచ్చట కూడా ఇక్కడే ఎత్తాలి. చాలా ఊళ్లలో లయ అందరికన్నా గట్టిగా ఉన్న చేయి ఆయనదే. భజనకు రమ్మని ఊరంతా చాటేది ఆయన, ఆయన్ను మాత్రం ఎవరూ రమ్మనరు. కారణం కులమని అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో, దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. పాలమూరుకు ఆ పేరు తెచ్చింది ఊరూరా తిరిగి పాడుకున్న కళలే, గుడి కమిటీలు వెతికి పట్టుకున్నవి కావు. గడప గడపకూ పోతున్నామని చెప్పుకునేవాళ్లు ఏ వాడ మలుపు దగ్గర వెనక్కి తిరుగుతున్నారో చూసుకోవాలి.

హార్మోనియమా, కీబోర్డా, మరి డోలక్?

వాయించేవాళ్లు దొరకడమే కష్టం కనుక, దొరికినవాళ్లకు ఏది వస్తే అదే పెట్టుకుంటారు. అక్కడే ఇబ్బంది వస్తుంది. ఒకే శ్రుతిలో నేర్చుకున్న హార్మోనియం చేయి ఇంకో శ్రుతికి మారలేదు, దాంతో భజన మొత్తం ఆయన శ్రుతికి పాడాల్సి వస్తుంది. కీబోర్డుకు శ్రుతి మార్చే మీట ఉంటుంది, వేళ్లు మారకుండానే ఐదు నుంచి ఒకటికి రావచ్చు. కొత్త బృందానికి ఆ ఒక్క కారణంతో కీబోర్డు మేలు. కరెంటు పోయినప్పుడు, జాతరకు నడిచి పోయేటప్పుడు హార్మోనియమే దిక్కు. గుడిలో ఉంచితే గాలి తిత్తిని ఎలుకలు కొరుకుతాయి, కాబట్టి మూత బిగుతుగా ఉన్న పెట్టెలో పెట్టాలి.

డోలక్ నేర్చుకునేవాళ్లు హార్మోనియం కన్నా తొందరగా దొరుకుతారు. చలికాలం మంచుకు తోలు సడలి మోత దిగుతుంది. తాడు డోలక్ అయితే రింగులు జరిపి బిగించాలి. నట్లున్నదైతే పానాతో ఒక్కోటి పావు చుట్టు, ఎదురెదురుగా తిప్పాలి. ఒకవైపు నట్లన్నీ వరసగా తిప్పితే తోలు వంకరగా లాగి మోత చెడుతుంది. తాళాలు రెండు జతలు మించొద్దు, ఆ రెండూ డోలక్ పక్కనే కూర్చోవాలి. అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు కొడితే మూడో కీర్తనకు పాట పరుగందుకుంటుంది. స్లాబు వేసిన మండపంలో మోత తిరిగి కొట్టి ఇంకా అధ్వానం.

డబ్బులిచ్చి హార్మోనియం వాయించేవాళ్లను పిలవొచ్చా అంటే, భజన రోజుకు వద్దు. ‘ఆయనకు పైసలు, మనకు పులిహోరనా?’ అనే మాట రెండో వారమే పుడుతుంది, అక్కడి నుంచి డోలక్ కూడా కూలి అడుగుతుంది. అదే డబ్బు మూడు నెలలు నేర్పడానికి ఇవ్వండి, భజన లేని రోజుల్లో. ఊళ్లోవాళ్లు ఇద్దరు రోజూ అరగంట కూర్చుంటే ఆ మూడు నెలల్లో నాలుగైదు సులువైన కీర్తనలు చేతికొస్తాయి. ఒక్కరికే నేర్పించొద్దు, ఆ ఒక్కరికీ పెళ్లిళ్ల సీజన్ ఉంటుంది.

బడి పిల్లలు

తాళం అందరికన్నా ముందు పట్టేది వీళ్లే, పిల్లల వెంట తల్లులు కూడా వస్తారు. కాని ముందు పాడే బాధ్యత వీళ్ల మీద పెట్టొద్దు. ఏడు, ఎనిమిది తరగతుల మగపిల్లవాడు ఐదు శ్రుతికి హాయిగా పాడుతుంటాడు, ఏడాది తిరిగేలోపు గొంతు మారి పగులుతుంది, సిగ్గుపడి రావడం మానేస్తాడు. అప్పుడు తాళాలు చేతికిచ్చి కూర్చోబెడితే నిలుస్తాడు. మిగతావాళ్లు గురుకులాలకో, ఇంటర్‌కు పట్నానికో పోతారు.

చర్చి పాటల బృందాలకూ ఈ లెక్కే వర్తిస్తుంది. మహబూబ్‌నగర్ వైపు మెన్నోనైట్ బ్రదరన్, నల్లగొండ వైపు బాప్టిస్టు సంఘాల్లో క్రిస్మస్ ముందు యువత గుంపుగా చేరుతుంది, జనవరికి పలచబడుతుంది. వాళ్లకున్న సౌకర్యం కీర్తనల పుస్తకం. పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉండటంతో కొత్తగా వచ్చినవాళ్లకు ఏది ఇవ్వాలో వెతుక్కోనక్కర్లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

బతుకమ్మకు గొంతులు గుర్తుపట్టి, దసరా పోయిన వారంలో ఇళ్లకు పోయి, కార్తీకమంతా సాధన చేస్తే ధనుర్మాసం పొద్దుటి భజనకు బృందం నిలబడుతుంది. పాలమూరు వైపు కురుమూర్తి జాతర కార్తీకంలోనే వస్తుంది కనుక కొత్త బృందానికి తొందరవుతుంది. మాఘంలో వచ్చే నల్లగొండ వైపు చెర్వుగట్టు జాతర అందుతుంది. అడ్డొచ్చేది వరికోతలు, పత్తి ఏరుడు. ఆ రోజుల్లో సాధన ఆరింటికి పెడితే ఎవరూ రారు. బువ్వ తిన్నాక ఎనిమిదింటికి పెట్టి తొమ్మిదిన్నరకు లేవాలి. సీరియళ్ల సమయమని భయపడేవాళ్లుంటారు, పత్తి ఏరి వచ్చిన నడుముకు టీవీ కన్నా పాటే నయం.

పాలమూరులో ఇంకో లెక్క ఉంది. దీపావళి దాటితే కొన్ని ఇళ్లకు తాళాలు పడతాయి, వలస పోతారు. అందుకే ముందు పాడేవాళ్లు ఎప్పుడూ ఇద్దరుండాలి, అందులో ఒకరు ఊరు విడిచిపోని ఇంటివాళ్లయి ఉండాలి. పోయినవాళ్ల పేరు, పక్కన రాసిన శ్రుతి పుస్తకంలోంచి కొట్టేయొద్దు. ఉగాదికి తిరిగొచ్చేవాళ్లుంటారు, ఆ వెంటనే శ్రీరామనవమి పందిట్లో ఆ గొంతుల అవసరం పడుతుంది.